యానాం కలిసిన 19 రోజులకే... రహీం మాస్టారి బంగారం

కనకాలపేటలో 1954కి ముందు పుట్టిన పెద్దలంతా ఫ్రెంచి ఏలుబడిలో పుట్టినవాళ్లే. ఆ ఏడాది జూన్ 13న యానాంలో ఉద్యమకారులు పాలనను చేతిలోకి తీసుకున్నారు. నవంబరు 1న అధికారం భారత్‌కి వచ్చింది. అయితే కాగితాల మీద మాత్రం లెక్క తేలలేదు. 1956 మే 28న ఒప్పందం రాసుకున్నా, ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం కోసం ఇంకో ఆరేళ్లు ఆగాల్సి వచ్చింది. చివరికి 1962 ఆగస్టు 16న కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలంతో సహా యానాం మొత్తం చట్టప్రకారం భారతదేశంలో భాగమైంది.

సరిగ్గా ఆ మర్నాడు హైదరాబాద్‌కి చెందిన ఓ బడిపంతులుకి 53 ఏళ్లు నిండాయి. అప్పటికే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. అయినా ఆయన మంచం పట్టలేదు. ఫుట్‌బాల్ జట్టుని వెంటబెట్టుకుని ఇండోనేషియాలోని జకార్తాకి వెళ్లారు. సెప్టెంబరు 4న అక్కడ భారత్ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. యానాం కలిశాక దేశం గెలిచిన తొలి పెద్ద ఫుట్‌బాల్ విజయం అదే. ఆ తర్వాత అంత పెద్దది మళ్లీ రాలేదు.

ఆ మాస్టారి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకి రహీం సాబ్.

కాలేజీ జట్టులో మొదలు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం రాజ్యంలో అప్పుడు చదువంటే గొప్ప. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక ఉర్దూలోనే డిగ్రీ దాకా చదువుకునే వీలు కలిగింది. రహీం అక్కడే చదివారు. అక్కడే బంతి ఆడారు. విశ్వవిద్యాలయం జట్టులో ఆయనకి మంచి పేరుండేది. చదువు అయ్యాక కూడా ఆ మైదానాన్ని వదల్లేదు. కాలేజీ పాత విద్యార్థులు, అప్పటికి చదువుతున్నవాళ్లు కలిసి పెట్టుకున్న ఎలెవన్ హంటర్స్ అనే జట్టులో ఆడారు.

బతుకుతెరువుకి ఎంచుకున్నది మాత్రం మాస్టారి ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్లో మొదలుపెట్టి, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. దాంతో చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత ఆయనకే వచ్చింది. తరగతిలో పాఠం చెప్పే పద్ధతినే మైదానానికి తీసుకెళ్లారు. ముందు తప్పు ఎక్కడుందో చూడటం, దానికో అభ్యాసం పెట్టడం, వచ్చేదాకా చేయించడం. ఆయన గొప్పతనమంతా ఇందులోనే ఉంది.

డ్రిబ్లింగ్ చేస్తే కుదరదు

ఆ రోజుల్లో మన కుర్రాళ్లకి బంతి కాలికి దొరికితే వదలాలనిపించేది కాదు. నలుగుర్ని తప్పించుకుని పోతేనే గొప్ప. జనం చప్పట్లు కొట్టేది కూడా దానికే. రహీంకి ఇది నచ్చలేదు. పాస్ ఇవ్వడం తెలియకపోతే పదకొండు మంది ఉన్నా జట్టు కాదన్నది ఆయన లెక్క. మందలిస్తే మారరని తెలుసు కాబట్టి ఓ ఉపాయం చేశారు. డ్రిబ్లింగ్ నిషేధించి ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టించారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాల్సిందే.

ఇంకో టోర్నమెంటు ఇంకా విచిత్రం. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఎడమకాలి వాడు కుడికాలితో ఆడాలి. మొదట్లో చూసినవాళ్లకి నవ్వులాటగా ఉండేది. కొన్నాళ్లు పోయాక హైదరాబాద్ కుర్రాళ్లు రెండు కాళ్లతోనూ ఒకేలా కొట్టడం మొదలెట్టారు. అప్పుడు నవ్వడం మిగతా ఊళ్ల జట్ల వంతు కాలేదు.

1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత రహీం చేతికొచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ కూడా ఆయనే. ఈ జట్టులో ఆడేది పోలీసు ఉద్యోగులు. పేదింటి కుర్రాడికి బంతి బాగా వస్తే ఖాకీ ఉద్యోగం, నెల జీతం దొరికేవి. ఆ ఆశతో గల్లీల నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. వాళ్లని రహీం ఆటగాళ్లుగా తయారుచేసేవారు.

1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్‌లో ఈ జట్టు కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌ని ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు మన పోలీసులదే. దేశంలో ఫుట్‌బాల్ అంటే బెంగాలే అన్న మాట ఆ ఐదేళ్లలో చెల్లకుండా పోయింది.

మొదటి బంగారం, ఆపై పది గోల్స్ దెబ్బ

1951లో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. భారత జట్టు కోచ్ రహీం. శైలేన్ మన్నా కెప్టెన్. మార్చి 10న ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో మన జట్టు గెలిచింది. కొత్తగా స్వాతంత్య్రం వచ్చిన దేశానికి అది పండగే.

ఏడాది తిరిగేసరికి ఆ సంబరం కాస్తా దిగిపోయింది. 1952 జులైలో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. ఆ చలిలో మనవాళ్లు ఎక్కువమంది బూట్లు లేకుండా ఒట్టికాళ్లతో ఆడారు. మన మైదానాల్లో ఒట్టికాళ్లతో ఆడటం అలవాటు. బంతి స్పర్శ తెలుస్తుందని దాన్ని గొప్పగానూ చెప్పుకునేవాళ్లు. తడిసిన యూరప్ గడ్డి మీద ఆ గొప్ప పనిచేయలేదు. ఆ ఓటమి తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

ఇంకొకరైతే ఆ దెబ్బతో ఇల్లు చేరేవారు. రహీం మాస్టారు మాత్రం మళ్లీ పాఠం మొదటికొచ్చారు. 1953 నవంబరులో హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచింది. సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి లాగి ఆడించడం వాళ్ల కిటుకు. ఎదుటి డిఫెండరు అతని వెంట ముందుకొస్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే అతను తీరిగ్గా పాసులిస్తాడు. ఇలాంటివన్నీ రహీం శ్రద్ధగా చదివి మన కుర్రాళ్ల బలానికి తగ్గట్టు మార్చారు. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 పద్ధతికి 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచాక పేరొచ్చింది. దాని ఛాయలు అంతకుముందే రహీం జట్లలో కనిపించాయని ఆట తెలిసినవాళ్లు రాశారు.

అమ్ముగూడ కుర్రాడు, మెల్‌బోర్న్ మైదానం

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే తమిళ కుటుంబం కుర్రాడు ఉండేవాడు. ఆటంటే ప్రాణం. ఇంట్లో పేదరికం. పోలీసులు పారేసిన పాత బూట్లని చెప్పులు కుట్టేవాడి దగ్గర బాగుచేయించుకుని ఆడేవాడు. రహీం కంట్లో పడ్డాడు. హైదరాబాద్ వచ్చి సాధన చేయమంటే రానూపోనూ ఖర్చులకి లేవన్నాడు. మాస్టారు సైకిలు ఏర్పాటు చేయించారు. కాలే కడుపుతో తొక్కుకుంటూ వచ్చిన ఆ కుర్రాడు 1956లో, ఇరవై ఏళ్ల వయసులో ఒలింపిక్స్‌కి వెళ్లాడు.

మెల్‌బోర్న్ వెళ్లిన ఆ జట్టులో బలరాంతో పాటు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ లాంటి హైదరాబాద్ వాళ్లు ఉన్నారు. హంగరీ రాకపోవడంతో మొదటి రౌండు దాటారు. డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా ఎదురైంది. హెల్సింకిలో పది గోల్స్ కొట్టిన జట్టు. ఈసారి ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల క్రితం ఆటకీ ఈ ఆటకీ పోలిక లేదు. కాంస్య పతకం పోరులో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌దే.

ఫ్రాన్స్‌తో లెక్క

యానాం వాళ్లకి ఆసక్తి కలిగించే ముచ్చట ఒకటుంది. స్వతంత్ర భారత్ ఆడిన తొలి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫ్రాన్స్‌తోనే. 1948 జులై 31న లండన్ ఒలింపిక్స్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో మనం 2-1తో ఓడాం. రెండు పెనాల్టీలు చేజారాయి. అప్పటికి యానాంలో ఫ్రెంచి జెండా ఎగురుతూనే ఉంది. ఆ జట్టుకి రహీం కోచ్ కాదు.

పన్నెండేళ్లకి, 1960 ఆగస్టు 29న, రోమ్ ఒలింపిక్స్‌లో మళ్లీ ఫ్రాన్స్ ఎదురైంది. ఈసారి కోచ్ రహీం. కెప్టెన్ పీకే బెనర్జీ గోల్‌తో మనం ముందంజ వేశాం. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా ఫ్రాన్స్ సమం చేసింది. 1-1. కొద్దిలో గెలుపు చేజారింది. ఆ రోజుకి కనకాలపేటలో పాలన భారత్‌దే. దస్తావేజు మాత్రం ఇంకా ఫ్రాన్స్ బీరువాలోనే ఉంది. మైదానంలోనూ అంతే. గెలిచినంత పనైంది, చేతికి మాత్రం రాలేదు.

అదే ఒలింపిక్స్‌లో హంగరీతో 2-1తో, పెరూతో 3-1తో ఓడాం. ఈ రెండింటిలోనూ మన గోల్ కొట్టింది అమ్ముగూడ బలరామే. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఆడటం అదే ఆఖరు. ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. ఆయనకి మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు.

జకార్తా... లక్ష గొంతులు ఎదురు

1962 నాటికి రహీం ఆరోగ్యం బాగా దెబ్బతింది. సిగరెట్ మీద సిగరెట్ కాల్చే అలవాటు ఆయన్ని క్యాన్సర్ దాకా తీసుకెళ్లింది. దగ్గు ఆగేది కాదు. అయినా ఆసియా క్రీడల జట్టుని తయారుచేసే పని ఎవరికీ అప్పగించలేదు. జట్టులో బెంగాలీలు, పంజాబీలు, కేరళ వాళ్లు, తమిళులు, హైదరాబాదీలు. ఒకరి భాష ఒకరికి రాదు. రహీం ఉర్దూలో మాట్లాడితే మాత్రం అందరికీ అర్థమయ్యేదని ఆటగాళ్లు తర్వాతి రోజుల్లో గుర్తుచేసుకునేవాళ్లు.

మొదటి మ్యాచే ఎదురుతన్నింది. దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచాం కానీ ఆ గెలుపుకి ఖరీదు పడింది. వెనక గోడలా నిలబడే జర్నైల్ సింగ్‌కి తల పగిలింది. కుట్లు పడ్డాయి. గాయపడితే బదులు మనిషిని దించే వీలు లేని రోజులవి. తర్వాత జపాన్‌పై 2-0తో నెగ్గి సెమీస్ చేరారు.

ఇక్కడ రహీం మాస్టారు తన జీవితంలోనే పెద్ద పందెం కాశారు. తలకి కట్టు ఉన్న జర్నైల్‌ని వెనక ఆడించడం కష్టం. అలాగని కూర్చోబెట్టడం ఇంకా నష్టం. పంజాబ్‌లో కాలేజీ రోజుల్లో ఆ సర్దార్జీ ముందువరసలో ఆడిన సంగతి ఆయనకి గుర్తుంది. అంతే. డిఫెండర్‌ని తీసుకొచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. కాలేజీ ఆటని చిన్నచూపు చూసే కోచ్‌కి ఈ ఆలోచన వచ్చేది కాదు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి కొట్టారు.

మైదానం బయట పరిస్థితి వేరేలా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఇండోనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనడం సరికాదని భారత క్రీడా పెద్ద గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం మన మీద మండిపడ్డారు. ఫైనల్‌కి ముందురోజు మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. ఆటగాళ్లు బస్సులో తలలు వంచుకుని ప్రయాణించాల్సి వచ్చింది. తలపాగా చూస్తే గుర్తుపడతారని జర్నైల్‌ని కింద కూర్చోబెట్టేవాళ్లట.

ఫైనల్ ముందు రోజు రాత్రి రహీం ఆటగాళ్లని దగ్గరికి పిలిచి, తనకో కానుక కావాలని అడిగారని వాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. ఆ కానుక బంగారు పతకం. ఆయనకి ఎక్కువ రోజులు లేవన్న అనుమానం వాళ్లలో చాలామందికి అప్పటికే ఉంది.

సెప్టెంబరు 4. సెనయాన్ స్టేడియంలో లక్షమంది జనం. ఎదురుగా మనల్ని ఓడించిన కొరియా. మన కాలికి బంతి అందితే చాలు, స్టేడియమంతా ఈలలు, కేకలు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. మూడు నిమిషాలు తిరక్కుండా రెండోది జర్నైల్ సింగ్‌ది. కట్టు కట్టిన తలతో, తనది కాని స్థానంలో ఆడుతూ కొట్టిన గోల్ అది. గోల్‌లో హైదరాబాద్ బిడ్డ పీటర్ తంగరాజ్ నిలబడ్డాడు. ఆట ముగిసేముందు కొరియా ఒకటి కొట్టింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. 2-1. మాస్టారు అడిగిన కానుక చేతికొచ్చింది.

యానాం చట్టప్రకారం కలిసి అప్పటికి 19 రోజులు.

తొమ్మిది నెలలే

తిరిగొచ్చాక రహీం మళ్లీ మైదానంలో ఎక్కువ రోజులు నిలబడలేకపోయారు. 1963 జూన్ 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. 54 ఏళ్లు నిండటానికి ఇంకా రెండు నెలలుంది. ఆయన పోయాక భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం మాత్రం తెచ్చుకోగలిగింది. బంగారం ఊసే లేదు. డ్యూరాండ్, రోవర్స్ కప్పులు ఎత్తుకొచ్చిన హైదరాబాద్ పోలీసు జట్టు వైభవం కూడా మెల్లగా తగ్గిపోయింది.

ఆటగాళ్లని తయారుచేసే గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం పోయి 22 ఏళ్లు. రెండు ఆసియా బంగారాలు, ఒలింపిక్స్ నాలుగో స్థానం తెచ్చిన మనిషి పేరు తర్వాతి తరాలకి తెలియకుండానే చాలాకాలం గడిచిపోయింది. తండ్రి జ్ఞాపకాన్ని పట్టుకుని తిరిగిన హకీం 2021 ఆగస్టులో, బలరాం 2023 ఫిబ్రవరిలో చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో రహీం జీవితంపై మైదాన్ అనే హిందీ సినిమా విడుదలైంది. అప్పటికి పై ఇద్దరూ లేరు.

రహీం దగ్గర గొప్ప మైదానాలు లేవు. డబ్బు లేదు. మంచి బూట్లు కూడా అందరికీ ఉండేవి కాదు. ఉన్నదల్లా బడిలో నేర్చుకున్న ఓపిక. ఎడమకాలు బలహీనమైతే ఎడమకాలితోనే ఆడించే పట్టుదల. సైకిలు లేదంటే సైకిలు చూపించే మనసు. వీటికి పెద్ద ఖర్చేం కాదు. ఏ ఊరి మాస్టారైనా చేయగలరు.

ఏటా ఆగస్టు 16న పుదుచ్చేరితో పాటు యానాంలోనూ విలీనాన్ని గుర్తుచేసుకుంటారు. మర్నాడే రహీం మాస్టారి పుట్టినరోజు. ఆ రెండు రోజుల్లో ఏదో ఒక సాయంత్రం కనకాలపేట కుర్రాళ్లు బంతి పట్టుకుని, డ్రిబ్లింగ్ లేకుండా, అలవాటు లేని కాలితో ఓ ఆట ఆడితే చాలు. మాస్టారి పాఠం ఏమిటో పది నిమిషాల్లో వాళ్ల కాళ్లకే తెలిసిపోతుంది.